ఐదో నెల, రక్తం 8.9: ఆసుపత్రి చీటీది ఒక మాట, ఇంటిది ఒక మాట

ఉరవకొండ_కోడలు · మార్చి 3, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు 23 ఏళ్లు. మొదటి కాన్పు, ఐదో నెల నడుస్తోంది. మాది ఉరవకొండ దగ్గర పల్లె. పోయిన వారం అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళితే రక్తం (హిమోగ్లోబిన్) 8.9 ఉందన్నారు. డాక్టరమ్మ రెండు నిమిషాలు మాట్లాడి, ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టి పంపారు. పొద్దున ఓట్స్, పదకొండింటికి ఆపిల్, నాలుగు బాదం గింజలు, మధ్యాహ్నం చేప, సాయంత్రం కివీ పండు. కివీ పండును నేను ఇంతవరకు చేతితో ముట్టుకోలేదు.

ఇంట్లో మా అత్తగారి పద్ధతి వేరు. బొప్పాయి వద్దు, నువ్వులు వద్దు. గుడ్డు వేడి, ఉలవలు వేడి, రాత్రి పెరుగు జలుబు. ఆరో నెల నుంచి అన్నం కూడా తగ్గించాలట, లేకపోతే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందట. ఆమె చెడ్డ మనిషి కాదు, నన్ను బిందె కూడా ఎత్తనివ్వరు. తిండి దగ్గరే పేచీ.

ఊళ్లో ఇచ్చిన ఎర్ర మాత్రలు (ఇనుము మాత్రలు) వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, మలబద్ధకం కూడా. నిజం చెబుతున్నాను, పది రోజులుగా మానేసి వాటిని బియ్యం డబ్బా వెనక దాచాను. ఇంకొకటి రాయడానికి సిగ్గుగా ఉంది. వాకిట్లో నీళ్లు చల్లితే వచ్చే మట్టి వాసనకు నోరూరుతోంది. రెండుసార్లు బలపం కొరికాను.

మన ఇళ్లలో దొరికే వాటితో ఏం తినాలో ఎవరైనా చెప్పగలరా?

బుడ్డలచేను · మార్చి 3, రాత్రి 11:05

వేరుశనగ పండే జిల్లాలో ఉన్న మనకు బాదం గింజలు రాసిచ్చిన ఆ కాగితాన్ని పటం కట్టించి గోడకు తగిలించండి చెల్లీ. ఇంట్లో బుడ్డల మూట ఉంటుంది కదా, రోజూ ఒక గుప్పెడు వేయించుకుని తినండి. మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు. నేను రైతును, నాకు తెలిసింది ఇంతే.

సిస్టరమ్మ_కడప · మార్చి 4, ఉదయం 6:15

అమ్మా, నేను కడప జిల్లాలో ఏఎన్‌ఎమ్‌గా, అంటే ఊళ్లకు తిరిగే నర్సుగా, 30 ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనదాన్ని. ముందు ఆ బలపం సంగతి. సిగ్గుపడే విషయం కాదు. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపించడం నేను వందలమందిలో చూశాను. ఇనుము నిండుతుంటే ఆ కోరిక దానంతట అదే పోతుంది. అంతవరకు మట్టి మాత్రం నోట పెట్టవద్దు, అందులోంచి నులిపురుగులు వస్తాయి. నాలుగో నెల దాటింది కనుక నులిపురుగులకు ఒకే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చారా? ఇవ్వకపోతే అడగండి.

ఇక ఎర్ర మాత్రలు. గర్భిణికి 11 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత అంటాం. 7 కన్నా తక్కువైతే ప్రమాదం, ఆసుపత్రిలోనే చూడాలి. మీ 8.9 మధ్యరకం. ఇలాంటివారికి ప్రభుత్వ పద్ధతిలో రోజుకు ఒకటి కాదు, రెండు మాత్రలు ఇస్తారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఎన్ని వేసుకోవాలో మీ ఊరి సిస్టర్‌ను అడిగి ఆమె చెప్పినట్లే చేయండి. పది రోజులు మానేసిన సంగతి కూడా ఆమెకు చెప్పాలి. దాచితే మాత్ర పనిచేయలేదని అనుకుని, అవసరం లేని సూదుల దాకా వెళతారు.

వికారానికి నా దగ్గర పాత ఉపాయం ఉంది. పరగడుపున వద్దు. రాత్రి అన్నం తిన్నాక ఒక గంట ఆగి, పడుకోబోయే ముందు వేసుకోండి. తిప్పేది నిద్రలో పోతుంది. పాలతో వద్దు, టీతో అసలే వద్దు. టీకి, మాత్రకు మధ్య కనీసం గంట ఉండాలి. విరేచనం నల్లగా వస్తుంది, భయపడకండి. నీళ్లు బాగా తాగండి, ఆకుకూర పెంచండి, మలబద్ధకం సర్దుకుంటుంది.

మీరు రాసినదంతా చదివాక నాకొక ప్రశ్న మిగిలింది. ఆ డాక్టరమ్మ కాగితాన్ని మీ చేతిలో పెట్టారు సరే. మీ అత్తగారితో ఎవరైనా మాట్లాడారా? మీ ఇంట్లో గరిటె ఎవరి చేతిలో ఉంది?

ఉరవకొండ_కోడలు · మార్చి 4, మధ్యాహ్నం 2:20

ఎవరూ మాట్లాడలేదు సిస్టరమ్మా. ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. లోపలికి ఒక్కరినే రమ్మన్నారు. గరిటె ఆమె చేతిలోనే ఉంది. మగవాళ్లు తిన్నాక ఆమె, ఆమెతో నేను తింటాం. అప్పటికి కూర గిన్నెలో అడుగు కనిపిస్తుంటుంది.

సీమ_పెద్దాయన · మార్చి 4, సాయంత్రం 5:50

మా అమ్మ తొమ్మిదిమందిని కన్నది. ఒక్క మాత్ర మింగలేదు. సంగటి, ఊరిబిండి, మజ్జిగ, అంతే. ఇనుప మూకుట్లో కూర వండేవారు, రాతి రోట్లో నూరేవారు. ఇప్పుడు గర్భం అంటేనే రోగంలా చూస్తున్నారు. ఈ విదేశీ మాత్రలన్నీ మందుల కంపెనీల వ్యాపారం.

సిస్టరమ్మ_కడప · మార్చి 4, సాయంత్రం 6:30

పెద్దాయన గారూ, ఇనుప మూకుడు మాట వంద శాతం నిజం. అందులో చింతపండు పులుసో టమాటా కూరో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. అల్యూమినియం, నాన్‌స్టిక్ గిన్నెలు వచ్చాక మనం పోగొట్టుకున్నది అది.

ఆ తొమ్మిదిమందిలో ఎంతమంది మిగిలారో మీకే తెలుసు, ఇక్కడ అడగను. మా పెద్దమ్మ నాలుగో కాన్పులో బిడ్డ పుట్టాక పోయింది. రక్తం ఎక్కువగా పోయిందని ఊరంతా అన్నారు. నేను ఈ ఉద్యోగంలో చేరాక నాకు అర్థమైంది ఏమిటంటే, పోయింది ఎక్కువ కాదు, ఆమె ఒంట్లో ఉన్నదే తక్కువ. నిండుగా ఉన్న మనిషి తట్టుకునే రక్తస్రావాన్ని ఆమె తట్టుకోలేకపోయింది.

పోషణ_పాఠం · మార్చి 4, రాత్రి 9:10

నేను పోషకాహారం చదువుతున్న విద్యార్థినిని, ఊరు గుంతకల్లు. విదేశీ మాత్ర అన్నారు కనుక చిన్న ముచ్చట. లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో మిల్లు కూలీ కుటుంబాల గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంతో అది నయమవుతోందని 1931లో రాసింది. అందులో పనిచేసిన పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. కాబట్టి ఆ ఎర్ర మాత్రలో సగం మనదే అనుకోండి.

అక్కా, ఇప్పుడు తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం గర్భిణికి మామూలు తిండి మీద రోజుకు 350 కిలోకేలరీలు అదనంగా కావాలి. మాంసకృత్తులు నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు దాదాపు పదిగ్రాములు, చివరి మూడు నెలలు 22 గ్రాములు అదనం. వినడానికి పెద్ద లెక్కలా ఉంటుంది. ఒక గుప్పెడు బుడ్డలు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక గ్లాసు పాలు కలిపితే ఆ 350 కాస్త అటూ ఇటూగా వచ్చేస్తుంది. ఇద్దరి తిండి తినాలన్నదీ తప్పే, తగ్గించాలన్నదీ తప్పే.

రాగుల గురించి మనవాళ్లకు ఒక అపోహ ఉంది. సంగటి తింటే రక్తం పడుతుందని అంటారు. రాగుల గొప్పతనం సున్నంలో, అంటే కాల్షియంలో ఉంది. వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. ఇనుము మాత్రం అంత ఎక్కువేమీ కాదు, ఉన్నదాన్ని కూడా పైపొరలోని పదార్థాలు ఒంటికి పట్టనివ్వవు. రాగులను మొలకెత్తించి పిండి పట్టించినా, పులియబెట్టి అంబలి కాచినా ఆ అడ్డు కొంత తగ్గుతుంది. కాబట్టి సంగటి మానవద్దు, కానీ దాని పక్కన ఏముందన్నది చూడాలి. తోటకూర పప్పో, మునగాకు వేపుడో, అలసందల కూరో, ఉలవచారో ఉండాలి. పైన నిమ్మకాయ పిండుకోవాలి. పులుపులోని విటమిన్ సి ఆకుకూరల్లోని ఇనుమును లోపలికి లాగుతుంది.

దానిమ్మ, బీట్‌రూట్ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం కావు. రంగు వేరు, ఇనుము వేరు. దానిమ్మ కొనే డబ్బుతో చీనీకాయలు (బత్తాయిలు) కొనండి.

చీనీతోట_తాడిపత్రి · మార్చి 4, రాత్రి 9:45

చీనీ పేరు విని వచ్చాను. మా తోటలో రాలినవి, రంగు తక్కువవి మార్కెట్టుకు పోవు, కూలీలకు ఇచ్చేస్తాం. తోటలున్న ఊళ్లలో అడిగితే సంచి నింపి ఇస్తారు. రాత్రి మాత్ర వేసుకునేటప్పుడు ఒక చీనీకాయ తినమని మా ఇంట్లో కూడా సిస్టర్ చెప్పింది. రసం తీసి చక్కెర వేయవద్దు, తొనలుగానే తినాలి.

బొప్పాయి కూడా వేశాం. పచ్చికాయ పాలు గర్భిణికి మంచివి కావు, అది నిజమే. చెట్టున పండిన పండుకు ఆ దోషం లేదు. అయినా ఒక పండు కోసం ఇంట్లో యుద్ధం ఎందుకు? దాన్ని వదిలేసి గుడ్డు కోసం పోరాడండి.

సిస్టరమ్మ_కడప · మార్చి 5, ఉదయం 6:05

చివరి మాట బంగారం. నేను ఇళ్లకు వెళ్లినప్పుడు ఇదే చేసేదాన్ని. పెద్దవాళ్లు పది వద్దంటే ఎనిమిదింటికి తల ఊపేదాన్ని. బొప్పాయి, వంకాయ, నువ్వులు లేకపోతే ఎవరూ చావరు. గుడ్డు, పప్పు, ఆకుకూర, అన్నం కొలత, ఈ నాలుగు మాత్రం వదిలేదాన్ని కాదు.

తుంగభద్ర_గట్టు · మార్చి 5, మధ్యాహ్నం 1:10

నాది కర్నూలు. మా ఇంటి కథ తలకిందులు. రక్తం తక్కువ అనగానే మా అమ్మ నా భార్యకు పొద్దునా సాయంత్రం బెల్లం, ఎండు ఖర్జూరం, నువ్వుల ఉండలు పెట్టింది. ఇద్దరికి తినాలి అంటూ నెయ్యి అన్నం. ఆరో నెల చివర గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీశారు, 168 వచ్చింది. 140 దాటకూడదట. అప్పటినుంచి బెల్లం అలమర ఎక్కింది. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్లు, తిన్నాక వీధి చివరిదాకా నడక, వీటితోనే అదుపులోకి వచ్చింది. అంగన్‌వాడీ కిట్టులో బెల్లం, చిక్కీ, ఖర్జూరం ఇస్తారు, మంచివే. కానీ ఆ గ్లూకోజు పరీక్ష చేయించుకున్నారో లేదో చూసుకోండి చెల్లెమ్మా.

దర్గావీధి_కడప · మార్చి 5, రాత్రి 8:30

నాకూ ఏడో నెల. రంజాన్ రోజులు కదా, రోజా ఉండాలా వద్దా అని మనసు కొట్టుకుంటోంది. గర్భిణికి సడలింపు ఉంది, తర్వాత తీర్చుకోవచ్చు అని మా మామగారే స్వయంగా చెప్పారు. అయినా ఇంటిల్లిపాదీ పస్తుంటే నాకు ఒంటరిగా తినడం కష్టంగా ఉండి వంటింట్లో తలుపు వేసుకుని తింటున్నాను.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఎర్ర మాత్ర, తెల్ల సున్నం మాత్ర రెండూ ఒకేసారి మింగేదాన్ని, గుర్తుంటుందని. మూడు నెలలు మాత్రలు వేసుకున్నా రక్తం పెరగలేదు. సున్నం ఇనుమును పట్టనివ్వదట. ఇప్పుడు తెల్లవి పొద్దున టిఫిను తర్వాత ఒకటి, మధ్యాహ్నం అన్నం తర్వాత ఒకటి, ఎర్రవి రాత్రికి.

నిర్వాహకుడు · మార్చి 5, రాత్రి 9:00

మందుల మోతాదు విషయంలో మీ డాక్టరు, ఏఎన్‌ఎమ్ మాటే చివరిది. ఇక్కడివి అనుభవాలు మాత్రమే. మందుల కంపెనీల మీద వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాం.

ఉరవకొండ_కోడలు · మార్చి 7, రాత్రి 10:15

మీ మాటలన్నీ మావారు ఫోనులో మా అత్తగారికి చదివి వినిపించారు. ‘గరిటె ఎవరి చేతిలో ఉంది’ అన్న దగ్గర ఆమె నవ్వారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఈ రోజు ఆమె చెబుతుంటే నేను రాస్తున్నాను, మాట మార్చవద్దన్నారు:

‘నేను కోడలి నోరు కట్టేదాన్ని కాదు. నా తొలి కాన్పు 1991లో. నొప్పులు మొదలై రెండు రాత్రులు. ఎడ్లబండి మీద ఉరవకొండకు, అక్కడి నుంచి లారీలో అనంతపురానికి. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ, బొద్దుగా ఉన్నాడు. తల్లి బాగా తిన్నది, బిడ్డ పెద్దవాడై ఇరుక్కున్నాడు అని మంత్రసాని అన్నది. తర్వాతి రెండు కాన్పులకూ నేను సగం కడుపే తిన్నాను. ఇద్దరూ బతికారు. అందులో ఒకడే ఇప్పుడు నాకు ఇది చదివి వినిపించినవాడు. ఇప్పుడు తినమంటున్న మీరు, రేపు ఏమన్నా అయితే వస్తారా?’

సిస్టరమ్మ_కడప · మార్చి 8, ఉదయం 5:50

వదినా, రాత్రంతా మీ మాటలే తలచుకున్నాను. మీరు చెప్పింది మూఢనమ్మకం కాదు. బండి తప్ప దారిలేని రోజుల్లో బిడ్డ ఇరుక్కుంటే చావే. అప్పుడు చిన్నబిడ్డ కావాలని కోరుకోవడంలో తెలివే ఉంది.

కానీ బిడ్డ ఇరుక్కునేది తల్లి పప్పన్నం తిన్నందుకు కాదు. కటి ఎముకల వెడల్పు, బిడ్డ తల తిరిగి ఉన్న తీరు, చక్కెర జబ్బు లాంటివి కారణాలు. ఇప్పుడు వాటిని ముందే చూస్తారు. ఇరుక్కునేలా ఉంటే ఆపరేషన్ ఉంది, 108కి ఫోను చేస్తే బండి వస్తుంది. తిండి తగ్గిస్తే బిడ్డ రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టవచ్చు. అలాంటి పసిగుడ్లకు పాలు పీల్చే బలం తక్కువ, ఒళ్లు చల్లబడుతుంది, గాలి తగిలినా జబ్బే. తల్లి తిండి తగ్గిస్తే రక్తం ఇంకా పడిపోతుంది. మీరు బతికి బట్టకట్టారు, మీ గట్టిదనం అది. కోడలికి ఆ పరీక్ష ఎందుకు?

నెలనెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్ష చేస్తారు. ఎల్లుండి కాదు, రేపే. మీరూ వెళ్లండి. బయట బెంచీ మీద కూర్చోవద్దు. కోడలి వెంట లోపలికి వెళ్లి, ఈ ప్రశ్నే డాక్టరును మీ నోటితో అడగండి.

సీమ_పెద్దాయన · మార్చి 8, ఉదయం 9:20

తొమ్మిదిమందిలో ఐదుగురం మిగిలాం. ఇంతకు ముందు రాయలేదు.

ఉరవకొండ_కోడలు · మార్చి 10, సాయంత్రం 7:00

వెళ్లాం. ఆమె లోపలికి వచ్చారు. డాక్టరు మా అత్తగారిని కూర్చోబెట్టి, నా కడుపు మీద చేయి పెట్టించి బిడ్డ ఎంత ఉందో చూపించారు. గ్లూకోజు పరీక్ష 118. మాత్రలు రోజుకు రెండు అన్నారు. నులిపురుగుల మాత్ర కూడా ఇచ్చారు.

అంగన్‌వాడీ గుడ్ల సంగతి తేలింది. నా పేరు మీద వచ్చే గుడ్లు ఇన్నాళ్లూ మా ఆడపడుచు పిల్లలకు పోతున్నాయి. పిల్లలు కదా, ఎలా వద్దనాలి? అత్తగారే ఇప్పుడు రోజూ ఒకటి ఉడికించి, పిల్లలు బడికి వెళ్లాక నాకు ఇస్తున్నారు. ఇద్దరం దొంగల్లా ఉంటాం ఆ సమయానికి.

ఇంకో సందేహం. రేషను బియ్యంలో కొంచెం పసుపుగా, తేలిగ్గా కొన్ని గింజలు ఉంటాయి. ప్లాస్టిక్ బియ్యమని మేం ఏరి పారేస్తున్నాం. సరైనదేనా?

పోషణ_పాఠం · మార్చి 10, రాత్రి 8:15

అయ్యో అక్కా, ఏరకండి! ఆ గింజలే అసలు మందు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపి, మళ్లీ బియ్యపుగింజ ఆకారంలో తయారుచేసి, వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి అవి. తేలికగా ఉంటాయి కాబట్టి కడిగేటప్పుడు తేలుతాయి, ప్లాస్టిక్ అని పుకారు అందుకే పుట్టింది. ఎక్కువసార్లు కడగకండి, గంజి వంచి పారబోయకండి.

గుడ్ల విషయంలో మా టీచరు ఒక మాట అనేవారు. 2013లో మన రాష్ట్రంలో అమృతహస్తం పథకం మొదలైనప్పుడు గర్భిణి అంగన్‌వాడీలోనే కూర్చుని ఒక పూట అన్నం, గుడ్డు, పాలు తీసుకునేది. ఎండలో నడిచి రాలేకపోవడం, పనికి పోవడం లాంటి ఇబ్బందులు ఉండేవి. కానీ పెట్టింది ఆమె కడుపులోకే పోయేది. సరుకు ఇంటికి వస్తే సుఖమే. ఇంటికి వచ్చిన గుడ్డుకు మాత్రం ఇంటి వరస వర్తిస్తుంది.

బుడ్డలచేను · మార్చి 10, రాత్రి 8:40

పిల్లలకూ గుడ్లు కొనండి. దొంగతనం ఎన్నాళ్లు.

ఉరవకొండ_కోడలు · ఏప్రిల్ 9, రాత్రి 9:30

నెల గడిచింది. ఈ రోజు చూస్తే 9.8. మట్టి వాసన ఇప్పుడు మట్టి వాసనలాగే ఉంది. బరువు కిలోన్నర పెరిగాను. మావారు ఇప్పుడు నాతో కలిసి కూర్చుని తింటున్నారు, మామగారు ఒక్కరే ముందు తింటున్నారు.

సిస్టరమ్మ_కడప · ఏప్రిల్ 10, ఉదయం 6:00

సంతోషం అమ్మా. అయినా ఒక మాట. నెలకు ఒక గ్రాము పెరగాలన్నది మా లెక్క. మీకు 0.9 పెరిగింది, అంటే ఒక పాయింటు తక్కువ. మాత్ర ఎన్ని రోజులు తప్పిందో నిజంగా లెక్కపెట్టి డాక్టరుకు చెప్పండి. తప్పకుండా వేసుకున్నా ఇంతే అయితే కారణం వెతుకుతారు, అవసరమైతే సెలైనులో ఇనుము ఎక్కిస్తారు. కాన్పుకు ముందు 11 దాటాలి. కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు మాత్ర ఆపకూడదు.

ఉరవకొండ_కోడలు · ఏప్రిల్ 10, రాత్రి 9:50

నాలుగు రోజులు తప్పాయి సిస్టరమ్మా, పెళ్లికి వెళ్లినప్పుడు. డాక్టరుకు చెప్పాను. ఇంకో నెల ఇలాగే వేసుకుని చూద్దామన్నారు.

ఒక విషయం మరిచిపోయాను. నిన్న నాకు రక్తం తీస్తుంటే అత్తగారు కూడా చేయి చాపారు, నాదీ చూడండి అని. ఆమెది 8.4. నాకన్నా తక్కువ! ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో, నీ ఎర్ర మాత్రలు నేను కూడా వేసుకోవచ్చా అని అడిగారు. వేసుకోవచ్చా?

సిస్టరమ్మ_కడప · ఏప్రిల్ 11, ఉదయం 5:45

మీ మాత్రలు మీవే, ఆమెకు పంచవద్దు. ముట్లు ఆగిపోయిన వయసులో 8.4 ఉందంటే రక్తం ఎక్కడైనా పోతోందేమో చూడాలి. మొలలు ఉన్నాయా, కడుపులో మంటకు, మోకాళ్ల నొప్పులకు దుకాణంలో బిళ్లలు కొని మింగుతున్నారా అడగండి. ఈ వారంలోనే పెద్ద డాక్టరుకు చూపించండి. వచ్చే 9వ తేదీ దాకా ఆగవద్దు. ఈసారి మీరు ఆమె వెంట లోపలికి వెళ్లండి.